డైనో మీద కారు చెప్పే నిజం: ట్యూనింగ్‌కు ముందు ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ ఉద్యోగం చేసే కుర్రాళ్లలో కొందరికి సెకండ్ హ్యాండ్ పోలో, ఆక్టావియా అంటే మోజు ఎక్కువ. అమ్మేవాడు "స్టేజ్ వన్ ట్యూన్ చేయించిన బండి భాయ్, మస్తు లాగుతది" అంటాడు. కొన్న మూడు నెలలకే 4 వేల ఆర్‌పీఎం దాటితే కారు జర్కులు కొట్టడం మొదలుపెడుతుంది. ఒక ఉస్తాద్ ప్లగ్గులు అంటాడు, ఇంకో ఉస్తాద్ టర్బో పోయిందంటాడు. ఇంట్లో అబ్బాకు మాత్రం రెండే దిగులు: డబ్బు, కొడుకు ప్రాణం.

ఇలాంటప్పుడు పనికొచ్చేది డైనో. కారు చక్రాలను రోలర్ల మీద పెట్టి, బెల్టులతో గట్టిగా కట్టి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి నడిపిస్తారు. చక్రాలు రోలర్లను ఎంత బలంగా తిప్పుతున్నాయో చూసి టార్క్, పవర్ లెక్కగడతారు. ఓఆర్‌ఆర్ మీద వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. నాలుగో గేర్‌లో ఇంజిన్‌ను చివరిదాకా లాగి చూస్తే ఆ హద్దు దాటిపోతుంది. అదే పరీక్ష డైనో మీద అయితే కారు ఉన్నచోటు నుంచి కదలదు, రోడ్డు మీద ఎవరికీ ప్రమాదం ఉండదు.

లెక్క ఇలా ఉంటుంది

టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,121తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. పోలో 1.0 టీఎస్‌ఐకి కంపెనీ చెప్పిన టార్క్ 175 న్యూటన్ మీటర్లు. 4,000 ఆర్‌పీఎం దగ్గర అది సుమారు 98 హార్స్‌పవర్. కంపెనీ చెప్పే 110 పీఎస్ ఇంకా పైన, 5,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. పైగా అది ఇంజిన్ దగ్గరి లెక్క. గేర్‌బాక్స్, టైర్లలో కొంత పోతుంది కాబట్టి చక్రాల దగ్గర 10 నుంచి 15 శాతం తక్కువ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఒక డైనో అంకె ఇంకో డైనో అంకెతో కలవదు. అందుకే ఒకే డైనో మీద ముందు, తర్వాత తీసిన గ్రాఫులనే పోల్చాలి.

లోపం ఎక్కడో ఎలా పడతారు?

మంచి ట్యూనర్ ముందే ల్యాప్‌టాప్ తెరిచి మ్యాప్ మార్చడు. ఆయిల్, కూలెంట్, టైర్లు, ప్లగ్గులు, సిలిండర్ల కంప్రెషన్ చూస్తాడు. తర్వాత ఉన్నది ఉన్నట్టుగా ఒక రన్ తీసి, స్కానర్‌లో రికార్డు చేస్తాడు.

• ఈసీయూ అడిగినంత బూస్ట్ రాకపోతే ముందు పైపుల్లో గాలి లీక్‌ను అనుమానిస్తారు. పొగ పంపి చూస్తే చిల్లు బయటపడుతుంది. చాలాసార్లు ఒక క్లిప్పుతో పోయేదానికి టర్బో మార్చేస్తుంటారు.

• బూస్ట్ సరిగ్గా ఉండి, పెట్రోల్ ప్రెషర్ పడిపోతూ మిశ్రమంలో పెట్రోల్ తగ్గిపోతుంటే పంపు, ఫిల్టర్ చూడాలి. ఇది ప్రమాదకరం. ఇలాగే లాగితే పిస్టన్లు కరిగిపోవచ్చు.

• రెండూ బాగుండి జర్కులు వస్తుంటే ప్లగ్గులు, కాయిల్స్. బూస్ట్ పెంచినప్పుడు ప్లగ్ గ్యాప్ ఎక్కువుంటే స్పార్క్ ఆరిపోతుంది.

• రన్ రన్‌కీ పవర్ తగ్గుతూ, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంటే అది వేడి, లేదా ఆక్టేన్ చాలని పెట్రోల్. హైదరాబాద్ ఎండాకాలంలో ఇది మామూలే.

పెట్రోల్ సంగతి మరోటి. మామూలు పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక కిలోకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఎక్కువ పెట్రోల్ పోయాలి, పంపు మీద భారం పెరుగుతుంది. పాత రోజుల్లో వేసిన మ్యాప్ ఈ పెట్రోల్‌తో మళ్లీ చూపించుకోవడం మేలు.

చట్టం, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే పొల్యూషన్ నిబంధనలనూ దాటినట్టే. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే, యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఏ మార్పుకైనా అనుమానం ఉంటే డబ్బు పెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడగాలి.

ట్యూన్ చేసిన కారు కొనేవాళ్లు మూడు అడగాలి: డైనో గ్రాఫులు, ఒరిజినల్ ఈసీయూ ఫైల్, తీసేసిన కంపెనీ పార్టులు. మూడూ చేతికొస్తే బండిని ఎప్పుడైనా మొదటి స్థితికి తేవచ్చు. గ్రాఫ్ లేకుండా "ఇంత పవర్" అని చెప్పే అంకెకు డబ్బు పెట్టకపోవడమే మంచిది. పవర్ పెంచినవాళ్లు బ్రేకులు, టైర్లు చూపించుకోకపోతే డైనో మీద గెలిచిన కారు రోడ్డు మీద ఆగదు.