రంగు, జడ, గిటార్: టోక్యో నుంచి కూచిపూడి దాకా

2019 ఏప్రిల్ 1న జపాన్ ప్రభుత్వం రాబోయే చక్రవర్తి కాలానికి 'రెయ్‌వా' అని పేరు ప్రకటించింది. అదే పేరుతో ఒక కొత్త పాట, దాని వీడియో కొన్ని గంటల్లోనే జనం ముందుకొచ్చేశాయి. గోల్డెన్ బాంబర్ అనే బృందం చేసిన పని అది. పేరు పడాల్సిన చోటు ఖాళీగా ఉంచి మిగతాదంతా ముందే సిద్ధం చేసుకున్నారు. ప్రకటన వినగానే ఆ ఖాళీ నింపారు. ఇంకో విశేషం, ఆ నలుగురిలో నిజంగా పాడేది షో కిర్యూయిన్ ఒక్కడే. గిటార్లు, డ్రమ్స్ ముందు ఉండే మిగతా ముగ్గురూ వాయిస్తున్నట్టు అభినయిస్తారు. ఆ సంగతి దాచరు కూడా. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఏటా డిసెంబరు 31 రాత్రి జరిపే పాటల పండగలో 2012 నుంచి 2015 దాకా నాలుగేళ్ళూ ఒకే పాట, 'మెమెషికుతె' పాడారు.

ముఖానికి తెల్లరంగు, కళ్ళచుట్టూ దట్టమైన కాటుక, రంగేసి నిలబెట్టిన జుట్టు, కొందరికి ఏకంగా ఆడవేషం. ఇలా ముస్తాబై రాక్ సంగీతం వినిపించే గోల్డెన్ బాంబర్ లాంటి జపాన్ బృందాల ధోరణిని విజువల్ కెయ్ అంటారు. 1980లలో ఊపందుకుంది. ఆ వీడియోలు చూసి 'మగాళ్ళకి ఈ సింగారమేంటి' అని నవ్వేవాళ్ళు మన గుడ్లవల్లేరు వైపూ ఉంటారు. వాళ్ళు గుడివాడ, పామర్రు దాటి చల్లపల్లి దారి పడితే చాలు, కూచిపూడి వస్తుంది.

అక్కడ భామాకలాపంలో సత్యభామ వేషం తరతరాల పాటు మగవాళ్ళే కట్టారు. సిద్ధేంద్రయోగి పేరు మీద నిలిచిన ఆ కలాపంలో భామ ముందుగా ముఖం చూపించదు. తెర మీదుగా జడ బయటికి వేస్తుంది. అది సవాలు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళుంటే వచ్చి ఓడించండి, ఓడితే జడ కోసిస్తాను అని అర్థం. ఆ జడ మీద సూర్యుడు, చంద్రుడు, పడగెత్తిన నాగు ఉంటాయి. నగలు బంగారంలా మెరిసినా లోపలున్నది తేలికైన పొణికి కర్ర. రాత్రంతా ఆడాలంటే ఒంటిమీద బరువు ఉండకూడదు మరి. ముఖానికి హరిదళం పూసేవారు. పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచేది. కరెంటు లేని రోజుల్లో మనవాళ్ళు కట్టుకున్న లైటింగ్ ఏర్పాటు అది.

ఆ వేషంలో మన కాలం దాకా వెలిగినవారు వేదాంతం సత్యనారాయణ శర్మ. 1935లో పుట్టారు. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. సత్యభామగానే కాదు, ఉషగా, మోహినిగా, శశిరేఖగా కూడా మెప్పించారు. 2012లో కన్నుమూశారు. దూలం సత్యనారాయణ ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ ఉంది, దొరికితే తప్పక చూడండి. ఆ నడక, ఆ చూపు పుస్తకం చదివితే అందేవి కావు. మన స్త్రీవేషధారుల్లో ఎంతమంది ఒక్క మంచి వీడియో కూడా మిగలకుండా వెళ్ళిపోయారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

విజువల్ కెయ్ బృందం మాలీస్ మిజర్ గిటారిస్టు మనా ఎప్పుడూ గౌను, విగ్గుల్లోనే కనిపించేవాడు. జనం ముందు నోరు విప్పేవాడు కాదు. చెప్పాల్సింది పక్కవాడి చెవిలో ఊదితే అతను పైకి చెప్పేవాడు. మన భామాకలాపంలో భామ నోరు మూసుకోదు. తన అందం, తన గొప్ప, తన విరహం అన్నీ చెలికత్తె మాధవికి తానే చెప్పుకుంటుంది. మొగుడి పేరు పలకడానికి మాత్రం సిగ్గుపడుతుంది. ఆ పేరు రాబట్టడానికి మాధవి పడే పాట్లే సగం కలాపం. ఆహార్యం ఒక్కటే చాలదని, వాచికం కూడా నటుడికి ప్రాణమని మన పెద్దలు పట్టుబట్టడం నాకు గర్వంగా ఉంటుంది.

కృష్ణ దాటితే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు. తెనాలి రామవిలాస సభలో స్త్రీపాత్రలతో పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. 'మీరజాలగలడా' పాట రాసింది ఆయనే. తాను కట్టిన సత్యభామ వేషానికి తానే పాట రాసుకున్నారన్నమాట.

పామర్రు దగ్గరి నిమ్మకూరు కుర్రాడొకడు విజయవాడలో కాలేజీ చదివేటప్పుడు విశ్వనాథ సత్యనారాయణ నాటకంలో ఆడవేషం వేశాడు. మీసం మాత్రం తీయనన్నాడు. 'మీసాల నాగమ్మ' అని పేరుపడింది. ఆ కుర్రాడే ఎన్టీఆర్. 1963లో 'నర్తనశాల'లో బృహన్నలగా ఆడి మెప్పించిందీ ఆయనే.

మగవాళ్ళు ఆడవేషం కట్టడం జపాన్‌లోనూ పాత సంగతే. అక్కడి కాబుకి నాటకాన్ని 1603 ప్రాంతంలో మొదలుపెట్టింది ఒకుని అనే స్త్రీ. 1629లో ప్రభుత్వం ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కనివ్వకుండా నిషేధించింది. తర్వాత స్త్రీపాత్రలు మగవాళ్ళ చేతికొచ్చాయి.

విజువల్ కెయ్ బృందం ఎక్స్ జపాన్ డ్రమ్మర్ యోషికి తండ్రిది తతెయామాలో కిమోనోల దుకాణం. ఆ కిమోనోల లోకానికి మన తీరంతో చుట్టరికముంది. 17వ శతాబ్దం నుంచి డచ్చి ఓడలు కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను జపాన్ చేర్చాయి. ఆ తీరంలో డచ్చివారి తొలి స్థావరాల్లో ఒకటి మచిలీపట్నం. జపాన్‌వాళ్ళు ఆ బట్టను 'సరస' అని మురిసిపోయి కిమోనో లోపలి గుడ్డలకు, తేనీటి పాత్రల సంచులకు వాడుకున్నారు. తర్వాత వాళ్ళే అద్దడం నేర్చుకున్నారు.

మన బట్టల్లాగే మన సినిమా కూడా జపాన్ చేరింది. రాజమౌళి తీసిన 'ఆర్‌ఆర్‌ఆర్' 2022 అక్టోబర్ 21న అక్కడ విడుదలైంది. 2024 జనవరిలో తకరజుకా నాటక సంస్థ దాన్ని సంగీత నాటకంగా రంగస్థలం ఎక్కించింది. 1914లో తొలి ప్రదర్శన ఇచ్చిన ఆ సంస్థలో నటులందరూ ఆడవాళ్ళే. కొమురం భీమ్ వేషం రే మకోతో కట్టింది. రామరాజూ ఆడమనిషే, నాటు నాటు అడుగులు వేసినవాళ్ళూ ఆడవాళ్ళే. ఆ మార్చిలో జపాన్ వెళ్ళిన రాజమౌళి దంపతులు ప్రేక్షకుల్లో కూర్చుని ఆ నాటకం చూశారు.