బంగాళాఖాతంలో అల్పపీడనం.. నందవరానికి ముప్పేంటి? బాధ్యత ఎవరిది?

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే అందరి చూపూ కోస్తా వైపే వెళ్తుంది. సముద్రానికి ఎంతో దూరంలో, వరద కంటే కరువు గురించే ఎక్కువగా మాట్లాడుకునే కర్నూలు జిల్లా నందవరం మండలంలో ఆ వార్తను పెద్దగా పట్టించుకోరు. 2009ని గుర్తు చేసుకుంటే ఆ ధీమా సరికాదని తెలుస్తుంది.

ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు ముఖం చాటేశాయి. దేశవ్యాప్తంగా వర్షపాతం సాధారణం కంటే 22 శాతం తగ్గింది. సెప్టెంబరు నెలాఖరులో బంగాళాఖాతంలోని అల్పపీడనం ప్రభావంతో ఉత్తర కర్ణాటక, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కుండపోత కురిసింది. తుంగభద్ర ఉప్పొంగి మంత్రాలయం మునిగింది. నందవరం మండలం నాగలదిన్నె దగ్గర వంతెన కొట్టుకుపోయింది. అక్టోబరు 2న కర్నూలు నగరం నీట మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 885 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టం దాటి జలాశయం 896 అడుగులకు చేరింది.

గాలి ఆగినా వాన ఆగదు

తుపాను తీరం దాటాక సముద్రం నుంచి తేమ అందక బలహీనపడుతుంది. గాలులు తగ్గుతాయి. కానీ అప్పటికే మోసుకొచ్చిన తేమ లోపలి జిల్లాల్లో వానగా కురుస్తుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. భూమి వేడెక్కేకొద్దీ తక్కువ సమయంలో ఎక్కువ వాన పడటానికి ఇదే ప్రధాన కారణం. ఫలానా వరద కేవలం వాతావరణ మార్పు వల్లే వచ్చిందని చెప్పలేం. అలాంటి వానలకు అవకాశం పెరుగుతోందన్నది మాత్రం శాస్త్రవేత్తల్లో వివాదం లేని మాట.

హెచ్చరిక ఎవరు ఇవ్వాలి?

వాన గురించి చెప్పేది భారత వాతావరణ శాఖ. నది మట్టం గురించి చెప్పేది కేంద్ర జల సంఘం. మంత్రాలయం దగ్గర దానికి వరద అంచనా కేంద్రం ఉంది. హోస్పేట వద్ద గేట్లు ఎత్తేది తుంగభద్ర బోర్డు. వీటన్నింటినీ కలిపి ఊళ్లను ఖాళీ చేయించాల్సింది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం, జిల్లా యంత్రాంగం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు.

చిక్కంతా ఈ కలపడంలోనే ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలను అధికారులు అప్రమత్తం చేశారు. నీరు డ్యామ్ నుంచి వస్తుంది కాబట్టి ఎంత, ఎప్పుడు అనేది లెక్కగట్టొచ్చు. డ్యామ్‌కు దిగువన పడే వాన, అక్కడ నదిలో కలిసే వేదవతి నీరు గేట్ల లెక్కలోకి రావు. జిల్లా మొత్తానికి ‘ఆరెంజ్ అలర్ట్’ అంటే నాగలదిన్నె రైతు మోటారు ఎప్పుడు పైకి లాగాలో తెలియదు. ఏ ఊరి దగ్గర నీరు ఎంత ఎత్తుకు వస్తుందో చెప్పగలిగితేనే అది హెచ్చరిక. కోస్తాలో ప్రపంచ బ్యాంకు సాయంతో తుపాను షెల్టర్లు కట్టారు. నదీ తీర గ్రామాలపై అంత శ్రద్ధ కనిపించదు.

పంట పోతే..

రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే సాయం. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన నిబంధనల ప్రకారం హెక్టారుకు వర్షాధార భూమికి రూ.8,500, నీటి వసతి ఉంటే రూ.17,000. పరిమితి రెండు హెక్టార్లు. పత్తి, మిరప సాగు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. రాష్ట్రం కావాలనుకుంటే తన నిధులతో పెంచి ఇవ్వొచ్చు.

ఈ-క్రాప్‌లో నమోదైన పంటనే లెక్కలోకి తీసుకుంటారు. కౌలు రైతులు సాగుదారుగా తమ పేరే నమోదైందో లేదో వాన రాకముందే చూసుకోవాలి. నష్టం అంచనా వేశాక జాబితాను రైతు సేవా కేంద్రంలో ప్రదర్శిస్తారు. పేరు లేకపోతే అభ్యంతరం అప్పుడే రాతపూర్వకంగా ఇవ్వాలి. నీరు ఊరి వైపు వస్తుంటే జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబరు 1070.