నడిసముద్రములో ఒక సెలవుదినము

బడికి ఆదివారము సెలవు. కచేరికి రెండవ శనివారము సెలవు. పొయ్యికి మాత్రము ఏనాడును సెలవు లేదు. పండుగ వచ్చినచో ఇంటిల్లిపాదియు పని మానుదురు, ఇల్లాలికి ఆనాడు పని రెట్టింపగును. వివాహమైన పదునారు సంవత్సరములలో, పుట్టింటి పురుటిమంచము తప్ప, మేము చేతులు ముడుచుకొని కూర్చుండిన పూర్తిదినము ఒక్కటియు లేదు. అట్టి దినము మొన్న సంక్రాంతి సెలవులలో మాకు దొరకినది. దొరకిన చోటు ఏ తీరమునకైనను వందలకొలది కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతము నడుమ.

మా అత్తగారి చెల్లెలు వివాహమైన పిమ్మట భర్తతో అండమానుద్వీపములకు పోయి అచటనే స్థిరపడినది. ఆమె యుండు పట్టణమును పోర్టుబ్లెయిరు అనుచుంటిమి. 2024లో ప్రభుత్వమువారు దానికి శ్రీవిజయపురమని పేరు మార్చిరి. పినత్తగారికి మోకాళ్ల నొప్పి ముదిరి ప్రయాణములు మానినందున, ఈసారి మేమే పోవలెనని నిశ్చయించితిమి. విమానమున రెండు మూడు గంటల త్రోవ. కాని అత్తగారు, “చెల్లెలు పోయిన త్రోవనే నేనును పోయెదను” అనిరి. ఆ మాటలోని లోతు అప్పుడు మాకు తెలియలేదు.

చెన్నపట్టణపు రేవునుండి ఆ పట్టణమునకు సుమారు 1200 కిలోమీటర్లు. ఓడకు ఇంచుమించు అరువది గంటలు పట్టును. సాయంకాలము ఓడ కదలెను. తీరమున దీపములు ఒక్కొక్కటిగా క్రుంగిపోయెను. మరికొంతసేపటికి చేతిఫోనులన్నియు మూగవోయెను. పిల్లలు కొంత దిగులుపడిరి. మావారు మాత్రము, “ఇక ప్రధానోపాధ్యాయులవారికిని నేను దొరకను” అని నవ్విరి.

మొదటి రాత్రియు మరునాడును తలత్రిప్పుటతోనే గడచెను. దీని కారణమును తెలిసికొనుట మేలు. మన చెవిలోపల తూనికను తెలిసికొను ఒక సూక్ష్మమైన అమరిక కలదు. ఓడ గదిలో కూర్చుండినప్పుడు గోడలు కదలుటలేదని కన్ను చెప్పును. కదలుచున్నామని చెవి చెప్పును. ఈ రెంటి తగవునకు కడుపు శిక్ష అనుభవించును. కావున గదిలో ముడుచుకొని పండుకొనక, ఓడ నడిమి భాగమున, గాలి తగులుచోట నిలిచి, నీరును ఆకాశమును కలియు గీతను చూచుచుండవలెను. ఈ ఉపాయమును మాకు చెప్పినది శ్రీకాకుళపు తీరమునుండి పోయి ఆ ద్వీపములలో చేపలవ్యాపారము చేయు కుటుంబపు తల్లి యొకతె. “అమ్మా, నీటిని చూడకు, నీటి అంచును చూడు” అని ఆమె చెప్పిన మాట పుస్తకములలో చదివినదానికంటె త్వరగా పనిచేసెను. నిమ్మకాయ వాసనయు, అల్లపుముక్కయు, మితభోజనమును కొంత తోడ్పడును. మాత్రలు వలసినవారు వైద్యుని అడిగి బయలుదేరుటకు ముందే తీసికొనవలెను. వాంతులు మొదలైన పిమ్మట వానివలన ఫలము తక్కువ.

మూడవనాటి ఉదయము మేము చెప్పదలచిన సెలవుదినము. చెన్నపట్టణమున ఆ రోజులలో ఆరున్నర గంటకు ఉదయించు సూర్యుడు, అచట ఆరుగంటలు దాటీదాటకముందే నీటినుండి పైకి వచ్చెను. గడియారము మారదు, ఏలయన దేశమంతటికిని ఒకే కాలము. కాని తూర్పునకు ఒక్కొక్క అంశము జరిగినకొలదియు సూర్యుడు నాలుగు నిమిషములు ముందుగా కనబడును. చెన్నపట్టణమునకును పినత్తగారి ఊరికిని నడుమ పండ్రెండు అంశములకు పైబడిన దూరము కలదు గనుక అచట ఇంచుమించు ఏబది నిమిషములు ముందే తెల్లవారును. ఓడ నడక పదకొండు నాట్లు మాత్రమే, అనగా గంటకు ఇరువది కిలోమీటర్లు. సైకిలుమీద బడికి పోవు పిల్లవాని వేగమునకు కొంచెము ఎక్కువ.

నీరు మన తీరమున చూచునట్టి మడ్డివన్నె కాదు, చిక్కని సిరాకాయరంగు. మన గోదావరియు కృష్ణయు గంగయు తెచ్చు ఒండ్రు అంతదూరమున పైనీటిలో కనబడదు. లోతైన నీరు వెలుగులోని ఎరుపును మ్రింగి నీలమును మాత్రము తిరిగి పంపును. ఈ సముద్రపు సగటులోతు సుమారు 2600 మీటర్లు; మా త్రోవలో నడుమ మూడువేల మీటర్లకు మించి యుండునని మావారు పిల్లలకు పటములో చూపిరి. చిన్నది, “అయితే మన క్రింద ఎన్ని తాడిచెట్లు, నాన్నా?” అని అడిగినది. మావారు లెక్కకట్టుచుండగానే ఎగురుచేపలు నాలుగయిదు నీటినుండి లేచి, వెండిరేకులవలె మెరసి, చాలదూరము గాలిలో సాగి మునిగెను. అంతటితో లెక్క అక్కడనే నిలిచిపోయెను.

అత్తగారు అలవాటుచొప్పున నాలుగు గంటలకే లేచి స్నానముచేసి, దేవునికి దండము పెట్టుకొని, తరువాత ఏమిచేయవలెనో తోచక నిలుచుండిరి. నియమితకాలమున భోజనశాలకు పోయినచో ఇడ్డెనలు సిద్ధముగా నుండెను. వడ్డించువానితో, “నాయనా, కూరలేవైన తరుగవలసినవున్న ఇటు తెమ్ము” అనిరి. అతడు నవ్వి, “మీకు ఈ ఓడలో పనిలేదు తల్లీ” అనెను. ఆ మాట విని ఆమె సంతోషింపక చిన్నబుచ్చుకొనిరి. మేమును అంతకంటె మేలుకాదు. పిల్లల చొక్కాలకు గుండీలు కుట్టుటకు సూదియు దారమును మూటలో దాచి తెచ్చితిమి. పదిగంటలకు అన్నియు కుట్టుట ముగిసెను. పిమ్మట మా చేతులు ఒడిలో పరులవస్తువులవలె పడియుండెను.

అత్తాకోడండ్రము మెట్టమీద నీడన కూర్చుంటిమి. చాలసేపటికి అత్తగారు సముద్రమును చూచుచునే ఇట్లనిరి: “అమ్మాయీ, చెల్లెలు ఓడయెక్కిననాడు నేను రేవునకు రాలేదు. ఆనాడు మామగారి తండ్రిగారి ఆబ్దికము. మడికట్టుకొని వండువారు వేరొకరు లేరు. అడిగినచో పొమ్మందురేమో, నేను అడుగనేలేదు. నేల కనుమరుగగువరకు కమ్మి పట్టుకొని నీకొరకు చూచితినని అది జాబు వ్రాసినది. నలుబది సంవత్సరములు దాటినవి. అది తరువాత రెండుమారులు పెండ్లిండ్లకు వచ్చినది. పెండ్లియింట పని సందడిలో ఆ మాట అడుగనే లేకపోతిని. 2004 డిసెంబరు 26న ఉప్పెన వచ్చి రెండుదినములు దాని కబురు తెలియనప్పుడు, ఆ కమ్మియే నా కన్నుల ముందర నిలిచినది.”

మాకు మాట రాలేదు. పదునారు సంవత్సరములు ఒకే వంటయింట మెలగితిమి. ఉప్పు చాలినదా, పాలు పొంగినవా, చాకలిపద్దు వ్రాసితివా అను మాటలు వేలకొలది మాటలాడుకొంటిమి. ఈ ఒక్కమాట చెప్పుటకు ఆమె చేతులును, వినుటకు మా చేతులును ఒకేసారి ఖాళీగా నుండిన ఘడియ లేకపోయెను. తీరిక లేకపోవుటవలన పోవునది ఒంటిసుఖము మాత్రమేయని మేము ఇంతవరకు తలంచుచుంటిమి. మనుష్యులు మనుష్యులకు దూరమగుటయు అందువలననేయని ఆనాడు తెలిసినది.

సముద్రయానము పాతిత్యహేతువని బౌధాయన ధర్మసూత్రము చెప్పుచున్నది. ఆ తెలుగుతీరముననే 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవునకు వచ్చు ఓడవర్తకులకు అభయశాసనము వేయించెను. ఒకరు వలదన్న త్రోవకు మరియొకరు రక్షణ యిచ్చిరి. అండమానునకు పోవు నీటిని నల్లనీళ్లని మన పెద్దలు భయపడుటకు మరియొక కారణమును కలదు. 1896లో ఆరంభించి 1906లో ముగించిన ఏడుశాఖల కారాగారమునకు దేశభక్తులలో కొందరిని ఈ త్రోవనే కొనిపోయిరి. అల్లూరి సీతారామరాజు వెంట పోరాడిన మన్యమువారిలోను కొందరికి ఆ ద్వీపవాసమే శిక్షయైనది. వారు ఈ నీటిని చూడక ఓడయడుగున కూర్చుండియుందురు గదా అని తలచినప్పుడు, మా తీరిక మాకు కొంత బరువుగా తోచెను.

మధ్యాహ్నము అత్తగారు పగటినిద్రపోయిరి. ఆమె పగలు పండుకొనుట మేము జ్వరమునాడు తప్ప చూడలేదు. మావారు పిల్లలకు తలదువ్వి, ఎంగిలిగ్లాసులు కడిగితెచ్చి, ఇది పెద్దవిద్య కాదని ఒప్పుకొనిరి. మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద చదివిన ఒక కావ్యమును తెరచి, రెండు పుటలు చదివి, మూసి, ఊరకనే కూర్చుంటిమి. ఊరకుండుటయు అభ్యాసమువలననే అబ్బునని తోచినది.

రాత్రి భోజనమైన పిమ్మట అందరమును మెట్టమీదికి పోతిమి. ఓడ చీల్చిన నీటిలో అక్కడక్కడ మిణుగురువంటి నీలివెలుగు కనబడెను. అది కంటికానని సూక్ష్మజీవుల వెలుగు, నీరు కదలినప్పుడు మెరయును. నడినెత్తికి దగ్గరగా కృత్తికలు, తూర్పున మృగశిర, దక్షిణపు వంక అగస్త్యనక్షత్రము. సముద్రమునంతయు ఆపోశనము పట్టిన మహర్షి కథను పిల్లలకు చెప్పితిమి. అత్తగారు అంతయు విని, “సరే, సముద్రము త్రాగినవానికి రోజును వండిపెట్టిన లోపాముద్రకు ఒక్కనాడైన సెలవు దొరకినదా, అమ్మాయీ?” అనిరి. మావారు పెద్దగా నవ్వబోయి, మధ్యలో ఆగిపోయిరి.

మరునాటి ఉదయము పచ్చని ద్వీపములు కనబడెను. రేవునొద్ద పినత్తగారు మనుమని భుజము పట్టుకొని నిలిచియుండిరి. అత్తగారు ఓడ కమ్మిని రెండుచేతులను పట్టుకొని, దిగువరకు ఆమెను చూచుచునే యుండిరి. అప్పచెల్లెండ్రు ఏమి మాటలాడుకొనిరో మేము వినలేదు. వినవలసిన పనియు లేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట ఒక ఏర్పాటు చేసికొంటిమి. నెలకొక ఆదివారము ఉదయపువంట ముగిసినతోడనే అత్తాకోడండ్రము పొయ్యికి సెలవిత్తుము. సాయంకాలమున మావారును పిల్లలును అటుకులో ఉప్మాయో చేసికొందురు. ఇంతవరకు మూడుమారులు జరిగినది; ఒకమారు చుట్టములు వచ్చి చెడినది. ఉప్మా ఒకనాడు మాడినది. అయినను ఆ మధ్యాహ్నములలో అత్తగారు చెప్పిన మాటలు ఇప్పటికే మా మనస్సులో ఒక పెట్టె నిండినవి.

సోదరీమణులారా! అందరికిని ఓడప్రయాణము కుదురదు, కుదురవలసిన పనియు లేదు. కాని మీ యింటను చెప్పుటకు ఒక మాట దాచుకొని, చేతులు ఖాళీలేక ఊరకున్న పెద్దముత్తైదువ యొకరు ఉండియుందురు. నెలకొక పూట ఆమెయు మీరును పనిమాని పెరటిలోనో అరుగుమీదనో కూర్చుండుడు. మొదట చేతులకు తోచదు. కొంచెము ఓర్చుకొనుడు, మాట దానంతటదియే వచ్చును.