గర్భిత భవనాంగములలో మార్పునకు లొంగని పరామితులు

భవనమును గీతల సముదాయముగా గాక గోడను గోడగా, తలుపును తలుపుగా కంప్యూటరులో కూర్చి చూపు పద్ధతికి బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అని పేరు. దీనికి విరివిగా వాడబడు సాధనములలో రెవిట్ ఒకటి. 1997లో అమెరికాలో చార్లెస్ రివర్ సాఫ్ట్‌వేర్ అను పేర వెలసిన సంస్థ దీనిని రూపొందించి 2000లో వెలువరించెను. 2002లో ఆటోడెస్క్ సంస్థ ఆ సంస్థను కొనుగోలు చేసినది. బెంగుళూరు, చెన్నై, పుణె నగరముల డిజైను కార్యాలయములలో పనిచేయు తెలుగు యువతకు ఈ సాధనము నిత్యపరిచితమే. వారికి తరచు ఎదురగు ఒక చిక్కును గూర్చి ఇచట వివరింపబడుచున్నది.

రెవిట్‌లో తలుపు, కిటికీ, దీపము మున్నగు అంగములను ఫ్యామిలీలందురు. ఒక ఫ్యామిలీలో మరియొక ఫ్యామిలీని ఇముడ్చవచ్చును. తలుపు మాతృ ఫ్యామిలీ యనుకొన్నచో, దానిలోని పిడి గర్భిత ఫ్యామిలీ యగును. ప్రతి ఫ్యామిలీకిని వెడల్పు, ఎత్తు, చెక్క రకము వంటి విలువలు కలవు. ఇవియే పారామీటర్లు, అనగా పరామితులు.

ఒక ఆసుపత్రి నమూనాలో తలుపుల పిడులు నేలనుండి 1050 మిల్లీమీటర్ల ఎత్తున నున్నవనుకొందురు గాక. చక్రాల కుర్చీలో వచ్చువారికి అందునట్లు వానిని 950కి దింపవలసివచ్చినది. డిజైనరు తలుపును ఎన్నుకొని చూడగా ఆ విలువగల గడి బూడిదరంగున నుండి, అంకెను స్వీకరింపదు. కొన్ని సమయములందు ఆ గడియే కానరాదు. తొందరపాటున కొందరు ఫ్యామిలీకి నకలు తీసి, అంకె మార్చి, కొత్తపేరు పెట్టుదురు. కొంతకాలమునకు ఒకే తలుపునకు పది నకళ్లు పోగుపడి, తలుపుల పట్టికలో లెక్క చెడును. మరికొందరు పటముపై 950 అని ఉత్త అక్షరములుగా వ్రాసి ఊరకుందురు. ఇది అంతకన్న చెరుపు. పటము ఒకటి చెప్పగా నమూనా వేరొకటి చెప్పును. వడ్రంగి దేనిని నమ్మవలెను? పిడి అందని రోగికి ఆ పొరపాటు ఎవరిదైనను ఒకటే.

మొట్టమొదట చూడవలసినది ఫ్యామిలీకి వెలుపలి కారణము. ఆ తలుపు గ్రూపులో చేరియున్నచో దాని గుణములలో పెక్కు మూసివేయబడియుండును. గ్రూపును సవరణకు తెరచినగాని అవి లొంగవు. వేరొక నమూనానుండి లింకుగా తెచ్చిన తలుపైనచో చూచుటకే గాని దిద్దుటకు వీలులేదు. మూలమునే దిద్దవలెను. పలువురు కలిసి పనిచేయు నమూనాలో ఆ అంగము మరియొకరి అధీనముననున్నచో మార్పు సాగదు. అయితే అచట హెచ్చరిక సందేశము వచ్చును గనుక కారణము దాగియుండదు.

ఇవేవియు కానప్పుడు ఫ్యామిలీని తెరచి చూడవలెను. గర్భిత ఫ్యామిలీ మామూలుగా మాతృ ఫ్యామిలీలో కరగిపోయినట్లే ఉండును. ప్రాజెక్టులో దానిని విడిగా ఎన్నుకొనుట సాధ్యము కాదు. పిడి ఎత్తు ప్రాజెక్టులో కనబడవలెనన్న, మాతృ ఫ్యామిలీలో ఒక పరామితిని సృష్టించి, పిడి పరామితిని దానితో ముడివేయవలెను. గుణముల పట్టికలో పరామితి వరుస చివరనుండు చిన్న బొత్తాము ఇందుకే ఉన్నది. ముడిపడిన పిమ్మట దానిపై సమానచిహ్నము కానవచ్చును. పిడిలో మరల గర్భిత ఫ్యామిలీ ఉన్నచో ప్రతి మెట్టునందును ముడివేయక తప్పదు. నడుమ ఒక్క ముడి తప్పినను విలువ లోపలికి చేరదు.

ముడివేయబోగా తగిన పరామితి జాబితాలో కనబడకున్నచో రెండు సంగతులు చూడవలెను. ఒకటి జాతి: పొడవు పొడవుతోను, అక్షరములు అక్షరములతోను మాత్రమే ముడిపడును. రెండవది టైపు, ఇన్‌స్టెన్సు భేదము. టైపు పరామితి ఆ రకపు తలుపులన్నిటికి ఉమ్మడి. ఇన్‌స్టెన్సు పరామితి ఏ తలుపునకు ఆ తలుపుది. గర్భిత ఫ్యామిలీలోని ఇన్‌స్టెన్సు పరామితిని మాతృ ఫ్యామిలీలోని ఏ విధపు పరామితితోనైనను ముడివేయవచ్చును. టైపు పరామితి మాత్రము టైపు పరామితితోనే ముడిపడును. ఇందులో తర్కము లేకపోలేదు. అందరి ఉమ్మడి విలువను ఒక్క తలుపు తన యిచ్చ చొప్పున మార్చజాలదు గదా.

అన్నిటికన్న ఎక్కువగా తికమకపెట్టునది షేర్డ్ అను గుర్తు. పిడులను విడిగా లెక్కింపవలెనని, వానికి వేరు చీటీలు తగిలింపవలెనని గర్భిత ఫ్యామిలీని షేర్డ్‌గా చేయుదురు. అప్పుడు ట్యాబ్ మీటతో పిడిని విడిగా ఎన్నుకొనవచ్చును. కాని దాని టైపు పరామితులు మాతృ ఫ్యామిలీ వశము తప్పును. ముడివేయు బొత్తాము మూసుకొనిపోవును. ఏలయన ఆ పిడి టైపు ప్రాజెక్టులో స్వతంత్రముగా నివసించును. అట్టిచోట మారవలసిన విలువను గర్భిత ఫ్యామిలీలో ఇన్‌స్టెన్సుగా చేసి ముడివేయుట ఒక మార్గము. పిడికి వేర్వేరు టైపులు కల్పించి, ఫ్యామిలీ టైపు అను జాతి పరామితితో ఏది కావలెనో ఎన్నుకొనుట మరియొకటి. అన్ని పిడులును ఒక్కసారి మారవలెనన్నచో ప్రాజెక్టు బ్రౌజరులో ఆ టైపునే తెరచి దిద్దవచ్చును. విడిలెక్క అవసరము లేనిచోట షేర్డ్ గుర్తును తీసివేయుటయే సుకరము. అలవాటుకొద్ది ప్రతిదానికిని ఆ గుర్తు పెట్టువారు ఈ చిక్కును చేతులార తెచ్చుకొనుచున్నారు.

ఒకవేళ బూడిదరంగు గడి తప్పే కాకపోవచ్చును. సూత్రముచేత నిర్ణయింపబడు విలువను చేతితో మార్చ వీలుండదు. సూత్రములోని మూలపు విలువలను మార్చవలెను. రిపోర్టింగ్ పరామితి కొలతను తెలుపునదే గాని కొలతను శాసించునది కాదు. మాతృ ఫ్యామిలీతో ముడిపడిన షేర్డ్ పిడిని ట్యాబ్‌తో ఎన్నుకొన్నప్పుడు ఆ గడి మూసియుండుటయు సహజమే. దాని తాళపుచెవి తలుపు వద్దనున్నది.

సవరణ ముగిసినను పని ముగియదు. ఫ్యామిలీని మరల ప్రాజెక్టులోనికి ఎక్కించునప్పుడు రెండు ప్రశ్నలు రావచ్చును. పాత ప్రతిపై కొత్త ప్రతిని మాత్రమే ఉంచవలెనా, పరామితుల విలువలను కూడ మార్చవలెనా అనునది మొదటిది. మొదటి దానిని ఎన్నుకొన్నచో టైపుల పాత విలువలే నిలుచును. 950 అని వ్రాసి ఎక్కించినను 1050 కనబడి, సవరణ వ్యర్థమైనదన్న భ్రమ కలుగును. రెండవది షేర్డ్ పిడికి సంబంధించినది: ప్రాజెక్టులోనున్న పిడిని ఉంచవలెనా, కొత్తగా వచ్చుదానిని గ్రహింపవలెనా అని. ఇచట పాతదానిని ఉంచినచో పిడిలో చేసిన సవరణ ప్రాజెక్టునకు చేరదు. అందుచేత అసలు నమూనాను ముట్టుకొనక మునుపు ఒక ఖాళీ ప్రాజెక్టులో రెండు తలుపులు నిలిపి, ఒకదాని పిడి ఎత్తు మార్చి, రెండవది కదలినదా లేదా అని చూచుట అనుభవజ్ఞుల వాడుక.