మూగజీవి వెళ్లిపోయిన ఇంట

ఇంట్లో మనిషి కాలం చేస్తే పదిమంది వచ్చి కూర్చుంటారు. వండి పంపేవారుంటారు. కర్మకాండ ఉంటుంది. ఏడవడానికి ఒక వేళా, ఒక చోటూ ఉంటాయి. అదే పన్నెండేళ్లు గుమ్మం కాచిన కుక్కో, పాలిచ్చి పిల్లలను పెంచిన ఆవో, పేరు పెట్టి పిలిస్తే పలికిన చిలుకో మరణిస్తే ఆ ఇంటికి పరామర్శకు వచ్చేవారు అరుదు. దేవాలయపు గజరాజుకైతే ఆ గౌరవం దక్కుతుంది. 2022 నవంబరు 30న పుదుచ్చేరి మనకుళ వినాయకుని ఆలయపు ఏనుగు లక్ష్మి మరణించినప్పుడు వేలాది భక్తులు కన్నీటితో సాగనంపారు. ఇంటి ప్రాణికి ఆ భాగ్యం లేదు. మరునాడు యథాప్రకారం పనికి వెళ్లాలి. కళ్లెందుకు ఎర్రబడ్డాయని ఎవరైనా అడిగితే కారణం చెప్పడానికి మొగమాటం.

భక్తి గల కుటుంబాలలో దీనికి తోడు మరొక మాట వినిపిస్తుంది. ‘అది మోహం. జడభరతుని గతి తెలియదా?’ అంటారు. ఆ మాటకు దుఃఖంలో ఉన్నవారు మరింత కుంగిపోతారు. ఏడుపు పాపమేమోనన్న శంక కలుగుతుంది. కనుక ముందుగా ఆ కథనే చూడవలసి ఉన్నది.

భాగవతం పంచమ స్కంధంలోని భరతుడు రాజ్యాన్ని కుమారులకు అప్పగించి, గండకీ తీరాన పులహాశ్రమంలో తపస్సు చేసుకుంటున్నాడు. నిండు చూలాలైన లేడి ఒకటి సింహగర్జనకు బెదిరి నదిని దూకింది. గర్భంలోని కూన ప్రవాహంలో జారిపడింది. తల్లి ప్రాణం విడిచింది. భరతుడు ఆ కూనను ఒడ్డుకు చేర్చి పెంచాడు. వ్యాసభగవానుడు ఇంతవరకు ఎక్కడా తప్పు పట్టలేదు. కొట్టుకుపోతున్న ప్రాణిని కాపాడటం తప్పెలా అవుతుంది? ఆ తరువాత భరతుని యమనియమాలు, భగవదర్చన ఒక్కొక్కటిగా జారిపోయాయి. లేడిపిల్ల కాసేపు కనబడకపోతే మనసు తల్లడిల్లేది. అంత్యకాలంలోనూ ఆ ధ్యాసే మిగిలి, ఆయన లేడిగా జన్మించాడు. అయినా చేసిన ఆరాధన వృథా కాలేదు. ఆ జన్మలోనూ పూర్వస్మృతి పోలేదు. తరువాతి జన్మలో ఆయనే రహూగణునికి తత్త్వం బోధించిన మహాజ్ఞాని అయ్యాడు. కథను సగంలో ఆపి దుఃఖితుల మీద విసరడం న్యాయం కాదు.

ఇంకొక విశేషం. ఆ ఘట్టంలో మరణించినది భరతుడు, బ్రతికి ఉన్నది లేడి. అది ఆయన పక్కనే నిలిచి కన్నకొడుకు వలె శోకించిందని భాగవతమే చెబుతున్నది. మూగజీవి మన కోసం దుఃఖిస్తుందని పురాణం అంగీకరించినప్పుడు, మనం దాని కోసం దుఃఖిస్తే సిగ్గుపడవలసిన పనేమున్నది?

శ్రీరామచంద్రుడు సిగ్గుపడలేదు. అరణ్యకాండలో జటాయువు ఆయన ఎదుటనే ప్రాణాలు విడిచాడు. సీతను కోల్పోయిన దుఃఖం కన్నా, తన కోసం ఈ పక్షి మరణించిన దుఃఖమే ఎక్కువగా ఉన్నదని స్వామి లక్ష్మణునితో అంటాడు. దశరథ మహారాజు ఎంతో, ఈ పక్షిరాజూ తనకు అంత పూజ్యుడని అంటాడు. కట్టెలు తెప్పించి, చితి పేర్చి, స్వయంగా దహనసంస్కారం చేసి, పిండం పెట్టి, అన్నదమ్ములిద్దరూ గోదావరిలో స్నానం చేసి జలతర్పణం విడిచారు. జటాయువు పెంపుడు పక్షి కాదు, తండ్రికి మిత్రుడు. నిజమే. అయినా శోకం ముంచుకొచ్చిన వేళ స్వామి చేసిన పని ఏమిటి? ఏడ్చాడు, ఆ వెంటనే చేయవలసిన సంస్కారం శ్రద్ధగా చేశాడు. సీతాన్వేషణ ఆ తరువాతనే ముందుకు సాగింది.

ఈ కాలంలో ఇటువంటి వీడ్కోలును కళ్లకు కట్టినట్లు తెలుగులో రాసి పెట్టిన పుణ్యాత్మురాలు సూరి నాగమ్మగారు. గుంటూరు మండలం కొలనుకొండలో పుట్టి, బాల్యంలోనే వైధవ్యం పొంది, మనశ్శాంతిని వెతుక్కుంటూ 1941లో తిరువణ్ణామలై చేరారు. శ్రీ రమణ భగవానుల సన్నిధిలో చూసినదీ విన్నదీ అన్నగారికి ఉత్తరాలుగా రాశారు. అవే ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’. గోమాత లక్ష్మి నిర్యాణం ఆ లేఖలలో చదివినవారికి మరపురాదు.

లక్ష్మి 1926లో తల్లితో కూడా దూడగా ఆశ్రమానికి వచ్చింది. చూసుకొనేవారు లేక కొంతకాలం ఊళ్లో ఒకరి ఇంట ఉంచితే, అక్కడి నుంచి తనంత తానే రోజూ భగవాన్ దర్శనానికి వచ్చి వెళ్లేదట. తరువాత ఆశ్రమమే దాని ఇల్లయింది. భగవాన్ జంతువులను ‘అది’ అనేవారు కాదు, మనుషులను అన్నట్లే ‘అతడు’, ‘ఆమె’ అనేవారు. కుక్కలకు అన్నం పెట్టారా అని అడగాలంటే, పిల్లలకు పెట్టారా అనేవారు.

1948 జూన్ 18 ఉదయానికి లక్ష్మి లేవలేని స్థితికి వచ్చింది. భగవాన్ గోశాలకు వెళ్లి పక్కన కూర్చున్నారు. ‘అమ్మా’ అని పిలిచి, తల ఒడిలోకి తీసుకొని, కళ్లలోకి చూస్తూ, ఒక చేయి శిరస్సుపైన, ఒక చేయి హృదయస్థానంలో ఉంచారు. 1922లో తమ కన్నతల్లి అళగమ్మగారి అవసానవేళ కూడా ఆయన ఇదే విధంగా చేతులుంచి కూర్చున్నారు. మధ్యాహ్నానికి ముందే లక్ష్మి కన్నుమూసింది. ఆశ్రమ ప్రాంగణంలోనే శాస్త్రోక్తంగా సమాధి చేశారు. ఆ చుట్టుపట్లనే అంతకుముందు ఒక లేడి, ఒక కాకి, ఒక కుక్క సమాధులున్నాయి. ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ నక్షత్రంలో లక్ష్మి ముక్తి పొందినదో భగవాన్ స్వయంగా తమిళంలో పద్యం రాసి ఇచ్చారు. సర్వసంగ పరిత్యాగి చేసిన పని ఇది. వైరాగ్యం అంటే గుండె బండబారడం అనుకొనేవారు ఈ ఘట్టం ఒకసారి చదవాలి.

ఇక గృహస్థులకు ఎదురయ్యే సందేహాలు. మైల ఉంటుందా అన్నది మొదటిది. మృతాశౌచం జ్ఞాతిసంబంధాన్ని బట్టి ఏర్పడినది కనుక పెంపుడు ప్రాణి మరణానికి మనుషులకున్నట్లు పది రోజుల మైల వర్తించదు. స్నానం చేసి దీపం పెట్టుకోవచ్చు. ఇంటి ఆచారం వేరుగా ఉంటే పురోహితుని అడిగితే సరి. దేహాన్ని చెత్తకుండీ దగ్గర వదలవద్దు. పెరడు ఉంటే లోతుగా గొయ్యి తీసి, పాత వస్త్రంలో చుట్టి, నాలుగు పూలు, తులసీదళం వేసి పూడ్చవచ్చు. చోటు లేనివారు పురపాలక సిబ్బందిని సంప్రదించాలి. పిల్లలకు ‘ఎక్కడికో వెళ్లిపోయింది, వస్తుంది’ అని అబద్ధం చెప్పేవారున్నారు. ఆ పిల్లవాడు నెలల తరబడి గుమ్మం వైపు చూస్తాడు. నిజం చెప్పి, గుప్పెడు మన్ను వాని చేతనే వేయించడం మేలు.

కొందరిని పశ్చాత్తాపం తినేస్తుంది. వైద్యునికి ముందే చూపించి ఉంటే, ఆ రోజు తలుపు వేసి ఉంటే అని. మహాప్రస్థానంలో ధర్మరాజు తనను నమ్మి వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. ద్రౌపదిని, తమ్ములను విడిచావు కదా అని ఇంద్రుడు అడిగితే, వారు మరణించారు, బ్రతికించడం నా చేత కాలేదు, బ్రతికి ఉండగా ఎవరినీ విడువలేదు అన్నాడు. కడదాకా అన్నం పెట్టి, జబ్బు పడితే ఒళ్లు తుడిచి, రాత్రులు మేలుకున్నవారు ఇదే మాట తమకు తాము చెప్పుకోవచ్చు. ముసలిదైందని తెచ్చి వీధిలో వదిలినవారు మాత్రం చెప్పుకోలేరు.

గృహస్థుకు విధించిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. కుక్కకు, కాకికి, చీమకు అన్నం తీసి పెట్టడం అందులో భాగం. గిన్నె ఖాళీగా కనిపిస్తే తట్టుకోలేక దాచేస్తారు చాలామంది. పది రోజులు గడిచాక దాన్ని కడిగి బయటకు తీయండి. మధ్యాహ్నం మీరు తినబోయే ముందు ఒక ముద్ద అన్నం అందులో కలిపి, వీధిలో ఆకలితో తిరిగే కుక్క ముందు పెట్టండి. మొదటి రోజు చేయి వణుకుతుంది. వణికినా పెట్టండి.