ఫొటోలు మనవే... తెరవనివ్వదే!

విండోస్‌ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో విండోస్‌ 11కి మారేవాళ్లు పెరిగారు. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్‌ చేస్తే సాధారణంగా చిక్కుండదు. కొత్తగా ఇన్‌స్టాల్‌ చేయించి, పాత డిస్కులోని ఫోల్డరు తెరవబోతేనే తంటా. పాప పుట్టినరోజు ఫొటోలు అందులోనే ఉంటాయి, క్లిక్‌ చేస్తే ‘యాక్సెస్‌ డినైడ్‌’ అంటుంది!

పాత పేరే పెట్టుకున్నాం కదా అంటారేమో. విండోస్‌ పేరు చూడదు. ప్రతి ఖాతాకీ ఓ పొడవాటి గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఫైళ్లపై హక్కుల్ని దాని మీదే రాసుకుంటుంది. కొత్త ఖాతాకి సంఖ్య మారిపోతుంది. అంటే, దాని లెక్కలో మీరు పరాయివాళ్లే!

అడ్మినిస్ట్రేటర్‌ ఖాతాతో లాగిన్‌ అయి, ‘కంటిన్యూ’ బటన్‌ వస్తే నొక్కి చూడండి. చాలాసార్లు దాంతోనే పనైపోతుంది. కాకపోతే ఫోల్డరుపై రైట్‌క్లిక్‌ చేసి ప్రాపర్టీస్‌, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. ‘ఓనర్‌’ పక్కనున్న ‘ఛేంజ్‌’ నొక్కి మీ ఖాతా పేరివ్వండి. లోపలి ఫోల్డర్లకూ వర్తించేలా కింది గడిలో టిక్‌ పెట్టడం మరవద్దు. తర్వాత అక్కడే మీ ఖాతాకి ‘ఫుల్‌ కంట్రోల్‌’ ఇవ్వాలి. విండోస్‌, ప్రోగ్రామ్‌ ఫైల్స్‌ ఫోల్డర్ల జోలికి మాత్రం పోకండి, సిస్టమే మొరాయించొచ్చు.

డిస్కు ఫార్మాట్‌ చేయకుండా వేయిస్తే పాత ఫైళ్లు ‘విండోస్‌.ఓల్డ్‌’లోకి చేరతాయి. పది రోజుల తర్వాత విండోస్‌ దాన్ని తనంతట తానే తొలగించేస్తుంది. కాబట్టి ఫొటోల్ని ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి. ఎన్‌క్రిప్ట్‌ చేసిన ఫైళ్లయితే ఓనర్‌ని మార్చినా తెరుచుకోవు. వాటి సర్టిఫికెట్‌ని పాత విండోస్‌ ఉండగానే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోవాలి.