ట్రక్కు ఎక్కిన కూలీకి బీమా వర్తిస్తుందా?

మిరపకోతలు మొదలైతే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లవారకముందే ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. మేస్త్రీ కేకేయగానే ఆడకూలీలు సద్దిమూటలతో ట్రక్కులో సర్దుకుంటారు. సాయంత్రం అందరూ ఇల్లు చేరితే సరే. చేరకపోతే?

2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల వద్ద మిరపకోతకు వెళ్లి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొన్నది. తీగలు మీద పడి పలువురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం ఎలా వస్తుందో పల్లెల్లో చాలామందికి తెలియదు.

పోలీసు కేసు వేరు, పరిహారం కేసు వేరు. డ్రైవరుకు శిక్ష పడినంత మాత్రాన కుటుంబానికి డబ్బు రాదు. అందుకు 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ప్రమాదం జరిగిన చోటనే కాదు, బాధితులు నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లోనూ వేయవచ్చు.

"బండికి ఇన్సూరెన్సు ఉన్నదిగా" అని ధీమాగా ఉంటారు. చిక్కంతా ఇక్కడే. సరుకు బండిలో ఎక్కించుకున్న జనానికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రాక్టరు ట్రక్కు కూడా మనుషులను ఎక్కించేందుకు కాదు. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని చెల్లించమని, తర్వాత యజమాని వద్ద వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశించాయి. అంటే భారం చివరకు ట్రాక్టరు రైతు మీదనే. అటు కూలీ ప్రాణం, ఇటు రైతు పొలం, రెండూ పోవచ్చు.

తన మిరప టిక్కీలతో లారీలో గుంటూరు యార్డుకు వెళ్లే రైతు సంగతి వేరు. సరుకు యజమానికి, అతని ప్రతినిధికి 1994 సవరణతో బీమా రక్షణ కలిగింది.

పరిహారం లెక్క ఎలా కడతారు? 35 ఏళ్ల కూలీ మరణించిందనుకుందాం. ఆమె నెల సంపాదన 10 వేలుగా కోర్టు తేల్చితే, భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపి 14 వేలు అవుతుంది. ఆధారపడినవారు నలుగురైతే నాలుగో వంతు తీసివేయగా 10,500. ఏడాదికి 1,26,000. ఆ వయసుకు గుణకం 16 కనుక 20,16,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వగైరా అదనం. కూలి చిట్టా, మేస్త్రీ సాక్ష్యం ఉంటే సంపాదన రుజువు చేయడం సులువు.

ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. ఆర్డీవోను గాని తహశీల్దారును గాని అడగాలి.

అదే తేదీ నుంచి ట్రైబ్యునల్ దరఖాస్తుకు చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. కనుక కర్మకాండలు కాగానే ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, గాయాల సర్టిఫికెట్టు, బండి బీమా కాగితాల నకళ్లు సంపాదించాలి. తెల్లకాగితాల మీద వేలిముద్ర వేయరాదు. "వచ్చినదాంట్లో సగం నాది" అనే దళారులను నమ్మరాదు. వాటా ఒప్పందం న్యాయవాదులకే నిషిద్ధం.

మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కార్యాలయం జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది.

ఇవన్నీ ప్రమాదం జరిగాక. అంతకుముందు చేయదగినది ఒకటున్నది. కోతకు పిలిచే రైతులు కూలీలను మనుషులెక్కే బండిలోనే తీసుకువెళ్లాలి. బండి అద్దె నాలుగు డబ్బులు ఎక్కువైనా, కోర్టు ఖర్చు కంటే తక్కువే.